వసారాలో రెండో పొయ్యి

రత్నమాణిక్యం మా ఎదురింటావిడ. ముమ్మిడివరం నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉంటుంది మా ఊరు. ఊళ్ళో ఆవిడకి భయపడనివాళ్ళు తక్కువ. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినబడేది. భర్త బంగార్రాజు మెతక మనిషి, కడుపులో పుండు ఉండేది. ఎకరన్నర కొబ్బరితోట, ఒక గేదె, రెండు గదుల డాబా. చెట్ల మీది కాయల దింపు ఎప్పుడు తీయించాలి, ఏ వర్తకుడికి వెయ్యాలి, ఆ ఏడు ఇంటికి సున్నం కొట్టించాలా వద్దా, అన్నీ ఆవిడ నోట్లోంచే రావాలి. ఒక్కగానొక్క కూతురు దుర్గాశ్రీకి పెద్దాపురం సంబంధం ఖాయం చేసినప్పుడు కూడా బంగార్రాజుకి ఆ సంగతి మర్నాడు తెలిసిందని మా అమ్మ చెప్పేది.

పక్కనే మరిది దొరబాబు తాటాకిల్లు. మధ్యలో గోడ. అత్తగారు పోయిన పదోరోజున ఆవిడ ఇత్తడి గుండిగ కనబడలేదు. దొరబాబు భార్య దేవకుమారి చుట్టాలందరి ముందూ, "ఇంట్లోనే దొంగుంటే ఎక్కడ కనబడుద్ది?" అంది. పేరు చెప్పకపోయినా చూపు మాత్రం రత్నమాణిక్యం మీదే ఉంది. ఆ గుండిగ ఏమైందో ఎవరికీ తెలీలేదు. ఆరేళ్ళు తోటికోడళ్ళ మధ్య మాట లేదు.

తొంభై ఆరులో, దీపావళికి నాలుగు రోజుల ముందు తుపాను వచ్చింది. చీకటి పడే వేళకి దొరబాబు ఇంటికప్పు మొత్తం లేచిపోయింది. రెండేళ్ళ కూతుర్ని దుప్పట్లో చుట్టుకుని మొగుడూ పెళ్ళాం గాలికి పడిపోయిన గోడ దాటొచ్చి అన్నగారి తలుపు కొట్టారు. బంగార్రాజు గడియ తీయబోయి భార్య మొహంలోకి చూశాడు.

"నన్నేంటండీ చూస్తారు? చంటిపిల్లని వానలో నిలబెడతారా, తియ్యండి" అంది ఆవిడ. వాళ్ళు లోపలికొచ్చాక, భర్తకే చెబుతున్నట్టు, "వసారా వాళ్ళది. నా వంటింటి గడప మాత్రం తొక్కొద్దని చెప్పండి" అంది.

దేవకుమారి తడిబట్టలతోనే నిలబడి, "మాకూ తొక్కాలని లేదని చెప్పండి బావగారూ" అంది.

తెల్లారి చూస్తే తోటలో చెట్టన్నది నిలబడి లేదు. అన్నదమ్ములిద్దరివీ కలిపి నూటపాతిక చెట్లు ఒకేవైపు తల వాల్చి పడున్నాయి. మగాళ్ళిద్దరూ గట్టుమీద కూర్చుని ఏడ్చారు. రత్నమాణిక్యం ఏడవలేదు. ఇంట్లో ఏమేం ఉన్నాయో చూసుకుంది. రెండు బస్తాల బియ్యంలో ఒకటి తడిసిపోయింది. కిరసనాయిలు ఒక డబ్బా, ఆవకాయ జాడీ, గేదె. గేదె బెదిరిపోయి పాలు సగానికి సగం తగ్గించేసింది. తడిసిన బియ్యం ముక్కిపోకముందే తినెయ్యాలని దాన్నే ముందు వండింది. ఐదుగురికీ తనే వండేది. దేవకుమారికి కంచం వసారా స్తంభం పక్కన పెట్టి, "అన్నం పెట్టాను" అని స్తంభానికి చెప్పి లోపలికి వెళ్ళిపోయేది. దేవకుమారి ఆ కంచం ముందు చాలాసేపు కూర్చునేది. ఆకలి ఎక్కువైనప్పుడు తినేది.

ఆరో రోజున బడి ఆవరణలో సాయం బియ్యం ఇచ్చారు. మా అమ్మతో నేనూ వెళ్ళాను. దేవకుమారి సంచి పట్టుకుని వరసలో ముందుంది. ఊరి రెవెన్యూ లెక్కలు చూసే వీఏవో కాగితంలోంచి తలెత్తి, "దొరబాబు అన్నగారింట్లోనే తింటున్నాడు కదమ్మా. ఒక పొయ్యికి ఒకటే వాటా. మీ బావగారి పేరున రాసేశాం" అన్నాడు. వరసంతా దేవకుమారి వైపే చూస్తోంది.

వెనకనుంచి రత్నమాణిక్యం గొంతు లేచింది.

"ఎవరండీ ఒక పొయ్యి అంది? అది నా వసారాలో పడుంది, అంతే. దానికీ నాకూ ఏ సంబంధం లేదు. మాటే లేదు, ఇంకా అన్నం కూడానా?"

"వేరే వండుకుంటున్నారా అమ్మా?"

"సాయంత్రం వచ్చి మీరే చూసుకోండి."

ఆ మాటతో దేవకుమారి చెవులదాకా ఎర్రబడిపోయింది. నలుగురిలో ఇంత అవమానం చేస్తారా అని మా అమ్మ కూడా గొణిగింది. కానీ రత్నమాణిక్యం గబగబా ఇంటికి వెళ్ళి, పడిన గోడలోంచి మూడు ఇటుకలు తెచ్చి వసారా మూల పొయ్యిలా పేర్చింది. అందులో కాసిని కొబ్బరి డొక్కలు మండించి బూడిద చేసింది. మసిపట్టిన ఒక గిన్నె పైన పెట్టింది. వీఏవో వచ్చి చూసి తల ఊపి వెళ్ళాడు. దొరబాబు పేరున బియ్యం వేరే వచ్చాయి.

దొరబాబు చేతులు జోడించాడు. "వదినా, నువ్వు లేకపోతే..." అన్నాడు.

"నాకు దండాలేం అక్కర్లేదు. మీ బియ్యం మీకొచ్చాయి కదా, రేపట్నించీ మీ వంట మీరే వండుకోండి. నేను ఐదుగురికి వండలేను." దేవకుమారి ఆ ఇటుకల మీదే వండటం మొదలుపెట్టింది. పచ్చి కట్టెల పొగ నేరుగా వంటింట్లోకి పోయేది. కావాలనే అటు ఊదుతోందని రత్నమాణిక్యం, చోటు చూపించింది ఆవిడే కదా అని దేవకుమారి. మధ్యలో బంగార్రాజు దగ్గుకుంటూ గుమ్మంలో కూర్చునేవాడు.

అసలు గొడవ పాల దగ్గర వచ్చింది. ఉన్న రెండు గ్లాసుల పాలూ బంగార్రాజు కడుపుకే సరిపోయేవి. పాలు అమ్మేవాళ్ళు ఊళ్ళో లేరు, టౌన్‌కి దారి లేదు. దేవకుమారి కూతురికి గంజే గతి. ఒక ఉదయం రత్నమాణిక్యం చెంబు పట్టుకుని పాకలోకి వెళితే, అప్పటికే దేవకుమారి గేదె పక్కన గొంతుక్కూర్చుని గ్లాసులోకి పాలు పితుకుతోంది.

"దొంగ!" అంది రత్నమాణిక్యం. ఇంకోసారి, వీధిలోకి వినబడేలా, "దొంగ!" అంది. ఆరేళ్ళుగా ఆ మాట ఆవిడ గొంతులోనే ఉందనిపించింది నాకు. మేమంతా గుమ్మాల్లోకి వచ్చాం.

దేవకుమారి లేవలేదు. గ్లాసు మీద కొంగు కప్పింది. "అవునక్కా, దొంగనే. ఊరందరికీ చెప్పుకో. నా పిల్ల నాలుగు రోజుల్నించీ గంజినీళ్ళు కక్కుతోంది. అడిగితే ఇస్తావా నువ్వు?"

"అడిగావా?"

"నిన్నా? నిన్నడిగేకంటే దొంగతనమే నయం."

రత్నమాణిక్యం ఆ గ్లాసు లాక్కుంది. పారబోస్తుందనుకున్నాం. వసారాలోకి వెళ్ళి, పడుకున్న పిల్లని లేపి ఒళ్ళో కూర్చోబెట్టుకుని తాగించింది. పిల్ల తాగుతుంటే కూడా ఆవిడ మొహం కందగడ్డలానే ఉంది. తర్వాత భర్తని పిలిచి, "పొద్దుటి పాలు దీనికి, సాయంత్రం పాలు మీకు" అంది.

"మరి పొద్దున నా కడుపు మంటో?" అన్నాడు బంగార్రాజు.

"మీకు యాభై రెండేళ్ళు. కొబ్బరినీళ్ళు తాగండి, ఊరంతా కాయలే." దేవకుమారి వైపు తిరిగి, "రేపట్నించీ నేనే పితుకుతాను. నా గేదె పొదుగు మీద నీ చెయ్యి పడిందంటే ఊరుకోను" అంది.

కృతజ్ఞత అన్నది దేవకుమారి మొహంలో నేనెప్పుడూ చూడలేదు. పిల్ల కోసం రోజూ ఆ గ్లాసు అందుకునేది, ఖాళీ చేసి కడిగి గడప మీద బోర్లించేది. ఒకసారి మా అమ్మతో, "ఆ ఇంట్లో ముద్ద మింగుతుంటే ముల్లు మింగినట్టుందండీ. చావైనా వస్తే బాగుణ్ణు" అంది.

కార్తీకం వెళ్ళాక కలప వర్తకుడొకడు వచ్చి పడిన చెట్లన్నీ కలిపి కొంటానన్నాడు. అన్నదమ్ములు వెంటనే సరేనన్నారు. రత్నమాణిక్యం అడ్డం తిరిగింది.

"మీ ఇద్దరికీ బుద్ధుందా? ముదురు మానులు ఏరి కోయించండి. వాసాలకీ దూలాలకీ సరిపోగా మిగిలినవి అమ్ముకోండి."

"ఎవరి ఇంటికి వదినా వాసాలు?" అన్నాడు దొరబాబు.

"నీ ఇంటికే. నీ చెట్లు చాలకపోతే మావీ వేసుకో. నీ పెళ్ళాం నా ఇంట్లోంచి కదలాలంటే ముందు దాని నెత్తిమీద కప్పుండాలి కదా. ఇంకో రెండు నెలలు దాన్ని చూస్తూ నేను బతకలేను."

దేవకుమారి వసారాలోంచి అంతా విని, "మాకూ అదే కావాలి. తొందరగా కానివ్వండి" అంది. ఆరేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక్కమాట మీద నిలబడటం అదే మొదటిసారి.

తుపానుకి పోయిన కరెంటు మళ్ళీ వచ్చాక మానులు కోత మిల్లుకి వెళ్ళాయి. పనివాళ్ళు ఒక పూట రాకపోతే రత్నమాణిక్యమే వాళ్ళ గుమ్మంలో కూర్చుని తిట్టి లాక్కొచ్చేది. కప్పు నేయించడానికి తాటాకు దొరక్కపోతే పెద్దాపురం అల్లుడికి కబురు పెట్టి పాత పెంకు తెప్పించింది. దేవకుమారి ఎండలో నిలబడి పెంకు అందించింది. ఆవిడ కింద, రత్నమాణిక్యం నిచ్చెన మీద. ఆ పక్షం రోజులూ వాళ్ళ మధ్య మాటలు, "పట్టు", "వదులు", "చూసుకో", అంతే.

మాఘమాసంలో దొరబాబు కుటుంబం పెంకుటింట్లోకి వెళ్ళిపోయింది. దేవకుమారి వెళ్తున్నానని చెప్పలేదు. రత్నమాణిక్యం అడగలేదు. సాయంత్రానికల్లా వసారా అంతా కడిగించి, మసిపట్టిన మూలకి సున్నం కొట్టించింది. మర్నాడు మేస్త్రీని పిలిచి పడిన గోడ మళ్ళీ లేపించింది, మునుపటికంటే జానెడు ఎత్తుగా.

తొలకరికి కొత్త కొబ్బరి మొక్కలు వేశారు. రత్నమాణిక్యం వైపు గోడ పక్క వరసలో మొక్క ఎక్కడ నాటాలన్నది తేలక ఇద్దరూ పొద్దున్నించీ మధ్యాహ్నం దాకా గోడకి చెరోవైపు నిలబడి అరుచుకున్నారు.

"మట్టలన్నీ మా పెంకు మీద పడతాయి, అవతలికి తియ్యి!"

"ఆ పెంకు ఎవరు తెప్పించారో గుర్తుందా?"

"గుర్తుంచుకోమనేగా రోజూ దెప్పుతున్నావు! మూడు మూరలు జరుపు!"

చివరికి బంగార్రాజు తాడు తెచ్చి కొలిచాడు. రెండు మూరల దగ్గర కుదిరింది. ఇద్దరికీ నచ్చలేదు.

ఆ తర్వాత వాళ్ళు మాట్లాడుకోవడం మానలేదు. పోట్లాడుకోవడానికే మాట్లాడుకునేవారు, దాదాపు రోజూ. ఆ మొక్కలు కాపుకొచ్చిన ఏడు, రెండువేల మూడులో అనుకుంటాను, రెండు తోటల దింపూ ఒకేరోజు తీయిస్తే కూలీ కలిసొస్తుందని రత్నమాణిక్యమే గోడమీంచి కేకేసి చెప్పింది. కాయలు పంచేటప్పుడు మళ్ళీ గొడవైంది. వాళ్ళ కేకల్లో ఆ రోజు మా ఇంట్లో రేడియో వినబడలేదు.