కాలరక్క ఎంచుకున్న మిషను

చొక్కాల ఫ్యాక్టరీలో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. పేర్లు గుర్తుపెట్టుకునే తీరిక అక్కడ ఎవరికుంది? ఏ ముక్క కుడితే ఆ ముక్కే పేరు. జేబులు కుట్టేవాడు జేబన్న. గుండీల దగ్గర కూర్చునే మనిషి గుండీలాయన. మన మనిషి ఇరవై నాలుగేళ్ళు కాలర్లు కుట్టింది కాబట్టి కాలరక్క. చేరిన కొత్తలో కాలరు పిల్ల అనేవారు. పిల్ల కాస్తా అక్క ఎప్పుడయిందో ఆవిడకే తెలీదు. ఇంకొన్నాళ్ళుంటే కాలరమ్మమ్మ కూడా అయ్యేదే, కానీ ఫ్యాక్టరీ అంతవరకూ ఆగలేదు. మూతపడింది.

ఇరవై నాలుగేళ్ళు మిషను ముందు కూర్చున్న మనిషికి కుట్టుపనంతా కొట్టిన పిండి అని వీధిలో అందరి నమ్మకం. ఒకావిడ గౌను పట్టుకొచ్చేది, ఇంకొకావిడ కర్టెన్లు తెచ్చేది. "దానికి కాలరుంటే తీసుకురండి వదినా, కుట్టిపెడతాను" అనేది కాలరక్క. వాళ్ళు వేళాకోళం అనుకుని నవ్వేవారు. వేళాకోళం కాదు, పాపం ఆవిడకి నిజంగానే రాదు. ఎడమపక్క కాలరు ముక్కల కట్ట ఉంటుంది. ఒక్కోటీ తీసి సూది కిందకి తోయాలి. ఒకటి అయ్యాక దారం తెంపడానికి ఆగితే సూపర్‌వైజరు వచ్చి నెత్తిమీద నిలబడతాడు. కాబట్టి తెంపకుండానే రెండోది, దాని వెనక మూడోది, రైలుపెట్టెల్లా. సాయంత్రానికి ఆ రైలు బుట్టలో పడి ఇంకో గదికి పోతుంది. అక్కడ దానికి చొక్కా ఎలా పుడుతుందో కాలరక్క చూసి ఎరగదు.

ఒకసారి ఆసుపత్రిలో చీటీ కోసం నిలబడితే, ముందున్నాయన మెడ దగ్గర తన కాలరు కనిపించింది. మూల తిప్పేటప్పుడు ఆవిడ ఒక్క కుట్టు అడ్డంగా వేస్తుంది, అప్పుడు కొన మొద్దుబారకుండా నిలబడుతుంది. ఎవరూ నేర్పింది కాదు, సొంత తెలివి. ఆయన భుజం తట్టి చెబుదామని చెయ్యి కూడా ఎత్తింది. కానీ ఏమని చెబుతుంది? ఈ చొక్కా నేను కుట్టానని అనడానికి లేదు. జేబు జేబన్నది, గుండీలు గుండీలాయనవి, చేతులు ఎవరివో ఏమిటో. ఎత్తిన చెయ్యి దించేసుకుంది. మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా నాదీ అని చెప్పుకునే వస్తువు ఒక్కటి, జన్మలో ఒక్కటి కుట్టాలన్న కోరిక అక్కడే ఆవిడ మనసులో పడింది. బొంత కుట్టాలి. చిన్న చిన్న ముక్కలు, తనకి నచ్చిన రంగులు, నిదానంగా. బొంతకి కాలరు ఉండదు కదా, అదొక ఉపశమనం.

ఫ్యాక్టరీ మూసిన రోజు కటింగు గది ఊడ్చి, పీలికలు కావలసినవాళ్ళు పట్టుకుపొమ్మన్నారు. కాలరక్క రెండు బస్తాలు నింపుకుంది. పోతూ పోతూ యాజమాన్యం వాళ్ళు తలా ఒక చీటీ ఇచ్చారు. ఫలానా మిషన్ల దుకాణంలో ఈ చీటీ చూపించి మీకిష్టమైన కుట్టుమిషను ఒకటి, ఎంత ఖరీదైనదైనా సరే, తీసుకోవచ్చునట. "బస్సు డ్రైవరు రిటైరవుతుంటే బస్సు చేతిలో పెట్టినట్టుంది" అన్నాడు జేబన్న. అందరూ పగలబడి నవ్వారు. కాలరక్క కూడా నవ్వింది, ఆ రోజు నవ్వడానికి కూడా ఓపిక కూడగట్టుకోవాల్సి వచ్చింది.

ఆవిడకి ఒక్కతే కూతురు. బడిసంచుల మీద, కోట్ల మీద పేర్లూ పూలూ ఎంబ్రాయిడరీ చేసే ఒక చిన్న కొట్లో పని. పరాయి కొట్టు, పరాయి మిషను. చీటీ చూడగానే ఆ పిల్ల మొహం చేటంత అయింది.

"అమ్మా, తెరమీద పువ్వు బొమ్మ నొక్కితే అదే కుట్టేసే మిషన్లున్నాయి. ముక్కలు అతకడానికి కూడా పనికొస్తాయి. నువ్వు బొంతలు అతుకు, నేను వాటిమీద పూలు కుడతాను. నీ స్పీడుకి వారానికి నాలుగు బొంతలు లేస్తాయి. నేను వాళ్ళ కొట్లో పని మానేస్తాను. ఏమంటావు?"

"ఊఁ" అంది కాలరక్క.

ఈ ఊఁ ఉంది చూశారూ, అదే ఆవిడ కొంప ముంచింది. కాలర్లు కుడతావా అంటే ఊఁ. ఇంకో గంట ఉంటావా అంటే ఊఁ. లారీ మీద ఊళ్ళు తిరిగే మొగుడు, నాలుగు నెలలు రానంటే దానికీ ఊఁ. వారానికి నాలుగు బొంతలన్న మాట వినగానే ఆవిడ నడుములో ఏదో కలుక్కుమంది. నాకొద్దే తల్లీ, నేనిక ఎవరి లెక్కకీ కుట్టలేను, ఒక్కటే కుట్టుకుంటాను, ఏడాది పట్టినా సరే అని చెప్పాలనుకుంది. ఆ మాట గొంతు దాకా వచ్చి, కూతురి మొహం చూసి వెనక్కి పోయింది. పైగా కూతురు కళ్ళు నెత్తికెక్కి అడగలేదాయె. సొంత మిషను ఉండాలని ఎన్నాళ్ళుగానో కలవరిస్తోంది. అమ్మకీ ఊరికే కూర్చుంటే తోచదని నిజంగానే నమ్మింది. బాగా చేసే పని ఇష్టమైన పనే అయి ఉంటుందని లోకమంతా అనుకుంటుంది, ఆ పిల్లొక్కతే ఎందుకు అనుకోకూడదు?

దుకాణం పెద్దదే. అద్దాల వెనక మిషన్లు వరసగా, ఒక్కోదాని ముందు ఒక్కో స్టూలు. అమ్మకాల పిల్ల ఎదురొచ్చి, "రండి ఆంటీ, కూర్చోండి" అంటూ తెర ఉన్న మిషను దగ్గరికే తీసుకెళ్ళింది. కూతురు ఒక గులాబీ బొమ్మ నొక్కింది. చట్రంలో బిగించిన గుడ్డ తనంతట తానే అటూ ఇటూ జరుగుతుంటే రేకు మీద రేకు లేచింది. చక్కగానే ఉంది, కాదనడానికేం లేదు. కూతురు చెయ్యి ఆ మిషను మీదనుంచి తియ్యడం లేదు.

"ముక్కలు అతికి చూస్తారా ఆంటీ?" అని అమ్మకాల పిల్ల చట్రం తీసేసి, సూది కింద గుడ్డని నొక్కిపట్టే మామూలు పాదం బిగించి, చదరాలుగా కత్తిరించిన గుడ్డముక్కల బుట్ట పక్కన పెట్టింది. "స్పీడు తగ్గించుకోవడానికి ఇదిగో మీట. భయపడకండి, నెమ్మదిగా తొక్కండి."

భయపడకండి అన్న మాటకి కూతురు కిసుక్కున నవ్వింది.

కాలరక్క కూర్చుంది. ఇంట్లోంచి బయల్దేరినప్పుడే అనుకుంది, అక్కడ ముక్కలు ఇస్తే ముందు రంగులు చూసుకోవాలి, దేని పక్కన ఏది బాగుంటుందో పెట్టి చూసుకోవాలి అని. ఎడమచేత్తో బుట్టలోంచి రెండు ముక్కలు తీసింది. తొక్కుడు పలక మీద కాలు పడింది. అంతే. మరి రెండు, మరి రెండు. దారం తెగలేదు, చెయ్యి ఆగలేదు. మీట తగ్గించి ఉన్నా, ఒక జతకీ ఇంకో జతకీ మధ్య ఈగ దూరే సందు కూడా లేకుండా ముక్కలు పరిగెత్తాయి. పక్క స్టూళ్ళ మీద ఉన్నవాళ్ళు లేచి వచ్చారు. ఎవరో ఫోను తీసి వీడియో పట్టారు. బుట్ట అడుగు కనిపించేసరికి ఆవిడ ఆగింది, ముక్కలు అయిపోయి ఆగింది. జనం చప్పట్లు కొట్టారు.

"బాబోయ్, ముక్కలు ఇలా వరసగా అతకడం నేర్పడానికి మేం క్లాసులు పెడతాం ఆంటీ! మీరే మాకు నేర్పేలా ఉన్నారు" అంది అమ్మకాల పిల్ల.

కూతురు పొంగిపోయింది. "చూశావా అమ్మా! నాలుగు కాదు, ఆరు లేస్తాయి వారానికి. ఇంతకీ ఏ రంగుల జత బాగా కుదిరింది?"

ఏ రంగులు? కాలరక్క ముందుకి వంగి, మిషను వెనక వేలాడుతున్న ఆ పొడుగాటి వరసని చేతిలోకి తీసుకుంది. ఎరుపూ ఎరుపూ కలిసి ఉన్నాయి. పసుపు పక్కన బురదరంగు. ఒక జతలో పూలగుడ్డ తిరగబడి ఉంది. నలభై జతలు తన చేతుల మీదుగానే పోయాయి, ఒక్కటంటే ఒక్కటి కంటికి ఆనలేదు. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన పని చేతికొస్తే, దాన్ని కూడా కాలర్లు కుట్టినట్టే కుట్టి పారేసింది. ఆవిడకి ఒక్కసారిగా ఏడుపొచ్చింది. జనంలో ఏడవడం ఇష్టం లేక లేచి, గోడవారగా పోయి నిలబడింది.

అక్కడ మిషన్లు బాగుచేసే ముసలాయన బల్ల వేసుకుని ఉన్నాడు. బల్ల చివర ఒక చేతిమిషను ఉంది. మోటారు లేదు, తొక్కుడూ లేదు, పక్కన చక్రానికి పిడి, అంతే. ఆయన ఆవిడ మొహం చూసి స్టూలు ముందుకి జరిపాడు.

"ఇది దేనికి బాబాయిగారూ?"

"ముక్కలు అతుక్కోవడానికి బ్రహ్మాండంగా ఉంటుందమ్మా. కుట్టు గీత గీసినట్టు వస్తుంది. పూలూ గీలూ కావాలంటే మాత్రం దీనివల్ల కాదు, అవి సూదితో చేత్తో కుట్టుకోవాల్సిందే. కుడిచెయ్యి పిడి తిప్పుతూ ఉండాలి కాబట్టి గుడ్డ పట్టుకోవడానికి ఎడమచెయ్యి ఒక్కటే. తొందర ఉన్నవాళ్ళకి పనికిరాదు."

కాలరక్క కూర్చుని, ఆయన బల్లమీదున్న రెండు గుడ్డముక్కలు సూది కింద పెట్టి పిడి తిప్పింది. టక్ అని ఒక కుట్టు. ఇంకోసారి తిప్పింది, ఇంకో కుట్టు. ఎడమచెయ్యి అలవాటు కొద్దీ తర్వాతి ముక్క కోసం వెతుక్కోబోయింది, కానీ వదిలితే గుడ్డ పక్కకి పోతుంది. అందుకని ఉన్న ముక్క మీదే ఉండక తప్పలేదు. లేత ఆకుపచ్చ, మీద సన్నని తెల్ల గీతలు. అంచు చేరేసరికి దాని ప్రతి గీతా ఆవిడకి తెలిసిపోయింది.

"నాకిది ఇప్పించండి" అంది.

కూతురితో పాటు వెనకే వచ్చిన అమ్మకాల పిల్ల కంగారుపడింది. "అయ్యో ఆంటీ, మీ చీటీకి దుకాణంలో అన్నిటికంటే పెద్దది వస్తుంది! ఇది అడిగేవాళ్ళే ఉండరు."

కూతురి మొహం మాడిపోయింది. "ఏంటమ్మా ఇది? ఊఁ అన్నావుగా! ఇంత స్పీడు చేతుల్లో పెట్టుకుని దీంతో ఏం చేస్తావు? ఎవరైనా వింటే నవ్విపోతారు."

"నాకు అలసటగా ఉందే" అంది కాలరక్క.

"సరే, ఇవాళ ఇంటికి పోదాం. రేపొద్దాం."

"ఇవాళ్టి సంగతి కాదు."

అన్నాక తనకే ఆశ్చర్యం వేసింది. ఈ మాట ఇంతకాలం సూపర్‌వైజరుకి చెప్పలేదు, మొగుడికి చెప్పలేదు, మోకాళ్ళు చూసిన డాక్టరుకి కూడా చెప్పలేదు. ఇక్కడ మిషన్ల మధ్య, ముక్కూమొహం తెలియని జనంలో చెప్పేసింది.

కూతురు గొంతు తగ్గించి, "మరి ఎప్పట్నుంచమ్మా?" అంది.

"నువ్వు పుట్టకముందు నుంచి."

ఆ పిల్ల చీటీ తీసి బల్లమీద పెట్టి, చేతిమిషను వైపు వేలు చూపించింది. బస్సులో పక్కపక్కనే కూర్చున్నా కిటికీ వైపే చూస్తూ వచ్చింది. తెర ఉన్న మిషను ఆ పిల్ల కళ్ళముందు తిరుగుతూ ఉండాలి, కోపం లేకుండా ఎలా ఉంటుంది? ఒడిలో మిషను పెట్టె బరువు మోస్తూ, కూతురి ఆశ తుంచేశానని కాలరక్క దారంతా కుమిలింది. తిరిగిపోయి మార్చేద్దామా అని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. మార్చలేదు. ఈసారి మార్చితే ఇక ఈ జన్మకి లేదని ఆవిడకి తెలుసు.

మర్నాడు కూతురు ఎప్పట్లాగే ఆ పరాయి కొట్లో పనికి పోయింది. పొద్దున వెళ్ళేటప్పుడు ముక్తసరిగా రెండు మాటలు. పూటంతా ఎవరి పేర్లో బడిసంచుల మీద కుడుతూ, సాయంత్రం అమ్మతో ఏమేం అనాలో వరసగా పేర్చుకుంది. నువ్వు నా సంగతి ఆలోచించావా అని అడగాలి. నిన్న నలుగురిలో నా మాట తీసేశావని అడగాలి. నాలుగింటికి తలుపు తోసుకుని ఆ మాటలన్నిటితో లోపలికొచ్చింది.

మంచం మీద, నేల మీద, కిటికీ గూట్లో పీలికలు పరిచి ఉన్నాయి. ఊరికే పరిచినవి కావు. నీలం పక్కన బూడిదరంగు పెట్టి, నచ్చక తీసి, గోధుమరంగు పెట్టి చూసినట్టు తెలుస్తోంది. పగలంతా అదే పని జరిగినట్టుంది. సూది కింద రెండే ముక్కలున్నాయి, సగం దాకా కుట్టినవి. బల్లమీద తల వాల్చి కాలరక్క నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది. కిటికీలోంచి ఎండ మొహమ్మీద పడుతున్నా తెలియడం లేదు.

అమ్మ పగలు నిద్రపోవడం ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక చూడటం అదే మొదలు. చెప్పులు చప్పుడు కాకుండా గుమ్మం దగ్గరే విప్పి, కిటికీ రెక్క ఒకటి మెల్లగా మూసింది. ముక్కలు తొక్కకుండా సందు చూసుకుని నేలమీద కూర్చుంది. లేపలేదు.