బీమా కాగితంలో బాపు మచ్చలు

మా బాపు అబద్ధాలకోరని ఒక బీమా కంపెనీ సిద్దిపేట మున్సిఫు కోర్టులో కాగితం వేసింది. నిజాం రాజ్యంలో, పందొమ్మిదివందల నలభైల నాటి మాట. నాకప్పుడు పద్నాలుగేళ్లు. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

బాపు తొగుట దగ్గర కల్లు గీసేవాడు. తోటివాడొకడు తాటిచెట్టు మీంచి పడి చనిపోతే, అతని పెళ్లాం పిల్లలు చెట్టుకొకరు పుట్టకొకరు కావడం చూసి భయపడ్డాడు. అప్పుడే ఊళ్లోకి వచ్చిన ఏజెంటు మాట విని బీమా చేయించుకున్నాడు. చెట్టెక్కే మోకుతాడు భుజాన వేసుకుని నిలబడ్డ మనిషిని చూస్తూనే ఏజెంటు ఉర్దూలో ఫారం నింపాడు. సిద్దిపేటలో కంపెనీ డాక్టరు ఒళ్లంతా పరీక్షించి తన వంతు రాశాడు. చదవడం రాని బాపు, చూపించిన చోటల్లా వేలిముద్ర వేశాడు. మూడో ఏడు మోకు తెగి, చెట్టు మీంచి పడి ప్రాణం విడిచాడు.

కంపెనీ పైసా ఇవ్వనంది. ఫారంలో వృత్తి 'వ్యవసాయం' అని ఉందట. ప్రాణగండమున్న పనిని దాచిపెట్టాడు కనుక బీమా చెల్లదట. గీసేవాళ్లను కంపెనీ తీసుకోదని ఏజెంటుకు తెలుసు, బాపుకు తెలియదు. రాసిన చెయ్యి ఒకరిది, నింద ఇంకొకరిది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు లోకంలో; వీళ్లకు మాత్రం చచ్చినవాడి నోట్లో అబద్ధాలే కనిపించాయి. ఆ ఏజెంటు అప్పటికే ఎటో వెళ్లిపోయాడు. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ ఒక వకీలును పెట్టుకుని దావా వేసింది.

నాలుగో వాయిదా నాడు కంపెనీ వకీలు కోర్టు వరండాలో అవ్వను ఆపాడు.

"నీ మొగడు పని దాచిండని ఒప్పుకొని ఒక వేలిముద్ర ఎయ్యి. సగం పైసలు ఇప్పిస్త. లేకుంటే గదీ పోతది."

మా వకీలు కూడా తీసుకొమ్మన్నట్టే చూశాడు. ఇంట్లో గింజ లేదు. అవ్వ వేలిముద్ర వేస్తే బాగుండునని నాకూ అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుపడను, ఆకలి అట్లాంటిది.

అవ్వ చెయ్యి కొంగులో దాచుకుంది.

"సచ్చినోని మీద దొంగసాక్ష్యం చెప్పాల్నా? మొదలు గా ఫారం పూరా సదివి ఇనిపియ్యిన్రి. ఇన్నొద్దులాయె, ఒక్కలన్న సదివి చెప్పలే."

మా వకీలు విసుక్కుంటూనే నకలు తీసి తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. పేరు, ఊరు, వయసు. డాక్టరు రాసిన భాగంలో గుర్తింపు మచ్చల దగ్గరికి వచ్చాడు: రొమ్ము మీద, రెండు పాదాల మీద రాపిడికి కాయలు కాచిన నల్ల మచ్చలు.

అవ్వ నవ్వింది. బాపు పోయాక అదే మొదటిసారి.

"నాగలి పట్టినోనికి శేతులు కాయలు కాస్తయి సారూ. రొమ్ముకు, పాదాలకు కాసేది చెట్టెక్కెటోనికే. గా డాక్టరు కండ్లార సూసే రాసిండు గద! ఇగ మావోడు దాచిందేంది?"

మా వకీలు ఆ ముక్కను రెండోసారి, మూడోసారి చదివాడు. కంపెనీ జుట్టు కంపెనీ కాగితంలోనే మా చేతికి దొరికింది.

మున్సిఫు డాక్టరును పిలిపించాడు. రాత తనదేనని ఆయన ఒప్పుకున్నాడు. ఆ మచ్చలు ఎవరికుంటాయని అడిగితే, కల్లు గీసేవాళ్లకేనన్నాడు.

తీర్పు వచ్చిన రోజు మా వకీలు వరండాలోనే దాన్ని తెలుగులో చెప్పాడు.

"చనిపోయిన మనిషి ఏదీ దాచలేదు. తెలిసే బీమా చేసిన కంపెనీ మొత్తం పైకం ఇయ్యాలె."

పైకం ఎప్పుడొస్తుందని అవ్వ అడగలేదు.

"గా మొదటి మాట మల్లోసారి సదువున్రి సారూ. జర గట్టిగ. కంపెనీ వకీలు ఇంకా మెట్లు దిగలే."