పొటాషియం మీద నా అనుమానం

వనపర్తిలో మా పక్కింటి కెమిస్ట్రీ సారు పోయారని పొద్దున పాలాయన చెబితే నమ్మలేదు. పాలల్లో నీళ్లు లేవని చెప్పేదీ ఆయనే. వెళ్లి చూస్తే, ఈసారి నిజమే చెప్పాడు.

నిరుడు, నా దగ్గరుండి చదువుకునే మనవరాలు ఇంటర్ కెమిస్ట్రీ తప్పింది. సప్లిమెంటరీ కూడా పోతే చదువు మాన్పించి గద్వాలకు తీసుకుపోతానన్నాడు మా అబ్బాయి. అది విని సారు, ఫీజు లేకుండా ఉత్తగానే పాఠాలు చెబుతానన్నారు. ఉత్తగా వచ్చేదేదైనా నాకు అనుమానమే. తెలుగు పంతులమ్మగా పిల్లల సాకులు విని విని పట్టిన గుణం. అందుకే ఆయన వరండాలో రోజూ ఇద్దరికీ నడుమ కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. సారు సుద్దముక్కను అరిగేదాకా వాడి, మిగిలిన పలుకునూ జేబులో వేసుకునేవారు. ఆయన చొక్కాలన్నింటికీ జేబులు తెల్లగా ఉండేవి.

పొటాషియం దగ్గర పేచీ వచ్చింది. దాని కేంద్రకంలో సోడియం కన్నా ప్రోటాన్లు ఎక్కువ. అయినా చివరి ఎలక్ట్రాన్‌ను ఊడబెరకడానికి తక్కువ శక్తి చాలట.

"బలం పెరిగితే పట్టు తగ్గుడేంది సారూ? ఇండ్ల ఏదో మోసమున్నది."

"మోసం లేదక్కా. లోపల ఎలక్ట్రాన్ల వరస ఇంకోటి పెరిగె. అవి కేంద్రకం గుంజుడుకు అడ్డం వడ్తయి. చివరిది దూరం గూడ పోయె. పట్టు వదులైతది." మనవరాలి వైపు తిరిగారు. "ఏం సమజైంది బిడ్డా?"

"దానికేం సమజైతది, నాకే కాలే" అన్నాను.

"అక్కా, నేనడిగింది పిల్లను. నా మాట ఆమె దాంక పోతలేదు. జర పక్కకు జరుగుండ్రి."

"నేనేం అడ్డమున్న?"

"అవ్వా, లోపలి ఎలక్ట్రాన్‌వి నువ్వే!" అంది మనవరాలు. ఆ వరండాలో అది నోరు విప్పడం అదే మొదలు.

కుర్చీ గోడవారకు జరుపుకున్నాను. చెవులు జరపలేదు.

ఇప్పుడది ఇక్కడే డిగ్రీ చదువుతోంది. అంతా సారు చలవే అనాలని ఉంది, కానీ ఆయన ఉంటే రుజువేదని అడిగేవారు. పాసైందని మిఠాయి పట్టుకుపోయిన రోజూ అంతే.

"మార్కులు నేను నమ్మనక్కా. పిల్ల నోటితోని చెప్తే నమ్ముత."

ఆ రోజు అది వరండా బోర్డు మీద రెండు పరమాణువులూ పక్కపక్కనే గీసి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పుకుపోతోంది. సారు కళ్లు మూసుకుని, చెవికి చెయ్యి ఆనించి, ముందుకు వంగి వింటున్నారు. ఒళ్లో మిఠాయి డబ్బా, మూత తియ్యకుండానే.