కల్లు బందయిన వారం

మొన్న షాద్‌నగర్ పోతూ బస్సు కిటికీలోంచి చూస్తే, కల్లు కాంపౌండు ముందు పోలీసు వ్యానులోకి ఎక్కిస్తున్న నలుగురైదుగురిలో నా ఈడు ఆడమనిషి ఒకామె కొంగుతో ముఖం కప్పుకుని కనిపించింది. ఆమె చేతుల వణుకు ఒట్టి భయంతో వచ్చింది కాదని నాకు చూడగానే తెలిసింది. ముప్పయ్యేళ్లు సర్కారు దవాఖానలో నర్సుగా చేసినదాన్ని, అలాంటి వణుకు మధ్య ఒక వారమంతా బతికినదాన్ని.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా వైపు కల్తీ కల్లు దుకాణాలను ఉన్నపళంగా మూయించారు. మంచిపనేనని నేనూ అనుకున్నాను, ఎందుకంటే పేరుకే కల్లు గానీ సీసాల్లో ఉండేది మత్తుమందు పొడి కలిపిన నీళ్లేనని మాకందరికీ తెలుసు. అయితే ఏళ్ల తరబడి పొద్దుగూకగానే ఆ సీసా తాగి ఒళ్లునొప్పులు మరిచిన కూలిజనానికి అది ఒక్కసారిగా అందకపోతే ఏమవుతుందో ఎవరమూ ఆలోచించలేదు. మూడోనాటికి దవాఖాన వరండా నిండిపోయింది. కొందరు ఒంటి మీద లేని చీమలను దులుపుకుంటున్నారు, కొందరు ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కున్నారు. పొడి ఎవరి దగ్గర దొరికినా కేసు పెట్టాలని గేటు దగ్గర ఒక కానిస్టేబుల్‌ను కూర్చోబెట్టారు.

దాంతో వచ్చినవాళ్లు నిజం చెప్పడం మానేశారు. ఇళ్లు కట్టే మేస్త్రీ ఒకాయన తన కాళ్ల మీద తానే నడిచి వచ్చాడు. కల్లు అలవాటుందా అని అడిగితే గేటు వైపు చూసి, జ్వరమే, ఇంకేం లేదన్నాడు. జ్వరం గోళీలిచ్చి పడుకోబెట్టాం. మధ్యాహ్నం మొదలైన ఫిట్స్ ఆగనే లేదు. ఆయన భార్య సద్ది పట్టుకుని వచ్చేసరికి ముఖం మీద గుడ్డ కప్పి ఉంది.

మర్నాడు పొద్దున మా మేనత్తను ఆటోలో తెచ్చారు. అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి, గోడ మీద ఎవరో నడుస్తున్నారంటూ నా చెయ్యి వదలదు. ఆమె కొంగు సర్దబోతే ముడిలో పొట్లం తగిలింది, దుకాణం మూతపడ్డాక ఎవరి దగ్గరో సంపాదించిన పొడి. అప్పటికే కానిస్టేబుల్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. దాస్తే అత్త ఏం తిన్నదో డాక్టరుకు తెలియదు, చూపిస్తే జైలు. మేస్త్రీ భార్య కళ్ల ముందు మెదిలి, పొట్లం తీసి డాక్టరు బల్ల మీద పెట్టాను.

“ఎవరి కొంగుల దొరికింది సిస్టర్?” అన్నాడు కానిస్టేబుల్.

డాక్టరే లేచాడు. “గీమెను స్టేషన్ల కూసోపెడితే ఫిట్సొచ్చి పోతది. నువ్వు గేటు కాడ ఉన్నవని నిజం చెప్పకనే నిన్న ఒకాయన పోయిండు. జర రోడ్డు అవతల కూసో, మీ సారుతోని నేను మాట్లాడుత.”

అతను పొట్లం వైపు, అత్త వైపు చూశాడు. చివరకు, “నన్నడిగితే మీ పేరే చెప్త సార్,” అని రోడ్డు దాటి చాయ్ దుకాణం బెంచీ మీద కూర్చున్నాడు. అది చూసిన జనం ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చి, ఎంత తాగేవాళ్లో, ఎన్నాళ్లుగా తాగుతున్నారో చెప్పసాగారు.

డాక్టరు వాళ్లందరికీ దాదాపు ఆ పొడిలాంటి మందునే కొలిచి ఇచ్చి, వారం వారం తగ్గిస్తూ పోయాడు. మత్తుకు మత్తే ఇస్తున్నారని తిట్టినవాళ్లున్నారు, పోలీసు పెద్దసారు వచ్చి గట్టిగానే మాట్లాడిపోయాడు, నాకూ ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉండేది. అత్త మీద మాత్రం కేసు కాలేదు. వానలు పడేసరికి ఆమె మళ్లీ కలుపు తీయడానికి పోయింది. పూర్తిగా మానిందని చెప్పను, ఈతచెట్టు కల్లు దొరికినప్పుడు కాస్త తాగేది, తాగినట్టు దాచకుండా నాకు చెప్పేది.

బతికున్నన్నాళ్లూ చుట్టుపక్కల ఎవరు మత్తులో చిక్కుకున్నా, “మా కోడలి కాడికి పోండ్రి, గామె ఏమనదు,” అని పంపేది. ఇప్పుడు అత్త లేదు, నేను రిటైరయ్యాను. దవాఖానకు అంతస్తులు లేచాయి, మత్తు కల్లు దాటి గంజాయిలోకి, గోళీల్లోకి పోయింది. ఎవరి దగ్గరికి తీసుకుపోవాలని ఇప్పటికీ తల్లులు నా గడపలోకి వచ్చి అడుగుతారు. ఏ పేరు చెప్పాలో తోచదు. ముందు లోపలికి రమ్మని కుర్చీ వేస్తాను.