విల్ఫ్ బండి మీద గీత

ఇంగ్లండులోని కవెంట్రీలో మా కార్ల ఫ్యాక్టరీలో విల్ఫ్ టాన్స్లీ పని ఒక్కటే. రంగు ఆరిన కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పొడుగు వెంట్రుకల కుంచెతో ముందు నుంచి వెనక దాకా సన్నటి గీత లాగడం. వెంట్రుకవాసి వంకరపోయినా గుడ్డతో తుడిచేసి మళ్ళీ మొదలెట్టేవాడు. పక్కనే సీట్లు కుట్టుకునే నాకు చూసి చూసి విసుగొచ్చేది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాదే వాడు తనకో కారు కావాలని డీలరు దగ్గర పేరు రాయించాడు. దేశానికి డాలర్లు కావాలి, బండ్లన్నీ అమెరికాకూ పైదేశాలకూ ఓడలెక్కాలి అన్నారు పైవాళ్ళు. చేసేది మేము, తిరిగేది ఎవరో! ప్రతి శనివారం డీలరు కొట్టు ముందు విల్ఫ్ కాలుకాలిన పిల్లిలా తిరిగేవాడు. పెరట్లో బంగాళాదుంపల మడి పీకేసి షెడ్డు కట్టాడు. భార్య హిల్డా అందులో సైకిలు పెడితే ఇంతెత్తున లేచేవాడు.

ఆ తొందర దేనికో నాకు నాలుగేళ్ళ తర్వాత తెలిసింది. టీ తాగుతుంటే వాడి కప్పు సాసరు మీద టకటకలాడింది.

"ఎవరికీ చెప్పకురా ఆర్థర్, ఎన్నాళ్ళనుంచో చెయ్యి కొద్దికొద్దిగా వణుకుతోంది. నా బండికి గీత నేనే లాగాలి. ఆ తర్వాత ఏమైనా కానీ."

అమెరికాకు వెళ్ళే బండ్లకు స్టీరింగు ఎడమవైపు ఉంటుంది; ఒకరోజు మా దేశంలోలా కుడివైపు స్టీరింగున్న నల్లబండి వచ్చింది. "ఇది ఓడెక్కేది కాదురా, ఇక్కడిదే! నాదే అయ్యుంటుంది!" అంటూ ప్రాణం పెట్టి గీత లాగాడు. ఆస్ట్రేలియా బండికీ స్టీరింగు కుడివైపే ఉంటుందని అంత అనుభవమున్నవాడికి తట్టలేదు. మర్నాడే అది రేవుకు వెళ్ళే రైలెక్కింది. ఆ రోజు వాడి మొహం చూడలేకపోయాను.

సొంత బండి వచ్చేసరికి మరో మూడేళ్ళు పట్టింది. అప్పటికి ఫ్యాక్టరీలో గీతలే మానేశారు, వాణ్ణి స్టోరులో కూర్చోబెట్టారు. బండి బోసిగా వచ్చింది. ఆదివారం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి షెడ్డులో కుంచె పట్టుకుని అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు.

"లాగవయ్యా, ఎవరు చూడొచ్చారు?" అంది హిల్డా.

మోకరిల్లాడు. ముందు తలుపు దాకా గీత తిన్నగా వచ్చింది. ఆపైన చెయ్యి అదిరింది, గీత వంకరటింకరగా వెనక దాకా పోయింది. నాకు ఏడుపొచ్చింది. అలవాటు కొద్దీ తుడిచే గుడ్డ అందించాను.

విల్ఫ్ కుంచె తుడిచి పక్కన పెట్టేశాడు.

"ఆ గుడ్డ అవతల పెట్టరా," అన్నాడు. "ఇదేం పరాయివాడి బండి కాదు."