సెల్లు పనిచేయదు, తలుపు కొట్టండి

నాకు చెవుడు. ఈ మాట చెప్పేటప్పుడు మా ఇంట్లో అందరూ గొంతు తగ్గిస్తారు. చెవిటిదాని గురించి చెప్పడానికి గొంతు తగ్గించడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేనైతే తగ్గించను. కాన్పుల తర్వాత మెల్లగా మొదలై కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవికి మిషను పెట్టుకుంటాను. చెవి వెనక చిక్కుడు గింజంత మిషను, అందులో శనగబద్దంత బ్యాటరీ. మా వైపు బ్యాటరీని సెల్లు అంటాం. టార్చిలైటుకీ సెల్లే, గోడగడియారానికీ సెల్లే, నా చెవికీ సెల్లే. చేత్తో పట్టుకుని మాట్లాడే ఫోనూ సెల్లే. ఈ ఒక్క మాట నా కొంప ముంచింది.

మాది రాజాం దగ్గర పల్లె. మా అమ్మాయి విజయనగరంలో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియను, హాస్టల్లో ఉంటుంది. పిల్ల మెతక. గొంతు మరీ మెతక, మిషను పెట్టుకున్నా దాని మాట రెండోసారి అడగాల్సిందే. దానికి పాతపట్నం వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. "పెళ్లి సేసుకుంతానమ్మా, ఉద్యోగం మాత్రం మానను" అని నాతో ఒక్కదానితోనే అంది. నాన్నతో అనలేదు, మేనత్తతో అసలే అనలేదు. ఎవరైనా అడిగితే కదా అనడానికి.

సంబంధం తెచ్చింది ఆ మేనత్తే, మా ఆయన అక్క. నాకు వదిన. ఆదివారం పెళ్లివారు వస్తున్నారని చెప్పడానికి వచ్చి, నాకు వినబడాలని నా ఎడమపక్క కూర్చుని మరీ చెప్పింది.

"ఒలే, ఆదివారం నువ్వా మిషను తీసీసి వంటింట్లో కూకో. ఆలు సూసినారంటే రేపు పిల్లకీ సెవుడొస్తాదనుకుంతారు."

"కన్నతల్లిని. నాను వంటింట్లో కూకుంటే, పిల్ల గురించి ఆలేటి మాటాడినారో నాకెవులు సెప్తారు వదినా?"

"అయ్యన్నీ మేం సూసుకుంతాం. నీకెందుకలే."

నీకెందుకు. చెవుడొచ్చాక నేను ఎక్కువగా విన్న మాట ఇదే. నలుగురూ నవ్వుతుంటే ఏమిటని అడుగుతాను, "ఏటీ లేదులే" అంటారు. గోడలకి చెవులుంటాయని జనం గోడ దగ్గర కూడా జాగ్రత్తపడతారు. ఆ గోడకున్న పాటి విలువ మా ఇంట్లో నాకు లేదు. ఒళ్లు మండిపోయింది. ఆదివారం ముందుగదిలో, వాళ్ల ఎదురుగానే కూర్చుంటాను, పిల్ల గురించి ప్రతి మాటా వింటాను, ఎవరు అడ్డొస్తారో చూస్తాను అనుకున్నాను.

అనుకోవడానికేం, మిషనులో సెల్లుండాలి కదా. ఆ సాయంత్రమే టింగుమని మూలిగింది, అంటే కొసప్రాణంతో ఉందన్నమాట. డబ్బాలో చూస్తే ఒక్కటీ లేదు. మర్నాడు రాజాంలో వాచీల షాపుకి వెళ్లాను. షాపాయన వాచీలో వేసే సెల్లు తీసి నా ముందు పెట్టి, "ఇదీ గుండ్రమే కదమ్మా, సరిపోద్ది" అన్నాడు.

"గారె కూడా గుండ్రమేనయ్యా. సెవిలో ఎట్టుకుంతానేటి?" అని వచ్చేశాను.

విజయనగరంలో మిషను కొన్నచోట ఆ సైజు అయిపోయిందని అమ్మాయి మెసేజ్ పెట్టింది. ఆన్‌లైన్‌లో పెట్టెయ్, గురువారానికి వచ్చేస్తాయి అంది. నేనే పెట్టాను. మిషనుకి పట్టే సైజు నంబరు చూసి, ఆ సైజుకి గుర్తుగా నారింజ రంగు స్టిక్కరున్నవి వెతికి పట్టుకున్నాను. చివర్లో, డెలివరీ చేసేవారికి ఏమైనా చెప్పాలా అని ఒక గడి వచ్చింది. అప్పటికే మిషను చచ్చిపోయింది. ఫోను చేస్తే వినబడదు కదా అని, "సెల్లు పనిచేయదు, తలుపు కొట్టండి" అని శుభ్రంగా తెలుగులో రాశాను.

గురువారం పొద్దుట్నుంచీ ముందుగదిలోనే కూర్చున్నాను. తలుపు గట్టిగా కొడితే గుమ్మం అదురుతుంది, ఆ అదురు నాకు తెలుస్తుంది. గుమ్మం అదరలేదు. పొద్దువాలాక ఫోనులో మెసేజ్ వచ్చింది, కస్టమర్ అందుబాటులో లేరని. కుర్చీకి అతుక్కుపోయి కూర్చున్నదాన్ని పట్టుకుని అందుబాటులో లేనట!

కంపెనీకి రాశాను. మా ప్రతినిధి మీకు ఫోన్ చేస్తారని జవాబొచ్చింది. నాకు వినబడదు, వినబడడానికే ఈ బ్యాటరీలు అని రాశాను. మీ సౌకర్యం కోసం రేపు ఫోన్ ఏర్పాటు చేశాం అన్నారు. మర్నాడు ఫోను వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది, ఆరింది. మీరు ఎత్తనందువల్ల ఫిర్యాదు ముగించాం అని మెసేజ్. చెవిటివాడి ముందు శంఖం ఊదడం గురించి విన్నాను గానీ, ఊదినవాడు తిరిగి చెవిటివాడి మీదే నేరం మోపడం ఇదే చూడ్డం.

శనివారం అమ్మాయి వచ్చి, మెసేజ్‌లో ఉన్న నంబరు పట్టుకుని డెలివరీ ఆయనతో మాట్లాడింది. మాట్లాడుతూ మాట్లాడుతూ నవ్వు ఆపుకోలేక కూలబడింది. తర్వాత తన ఫోనులో టైపు చేసి నాకు చూపించింది. పార్సిల్ ఇవ్వాలంటే కస్టమర్ ఫోనుకొచ్చిన ఓటీపీ చెప్పాలట. ఈ ఇంట్లో సెల్లు పనిచేయదని రాసుందే, ఇంక ఓటీపీ ఎక్కడ వస్తుంది, వెళ్లి ఏం లాభం అనుకుని ఆ మనిషి మా ఊరి మలుపు దగ్గరే బండి తిప్పేశాడట. ఆయనదీ ఈ పక్క ఊరే. వాళ్లింట్లో టార్చిలైటుకీ సెల్లే అంటారు, అయినా ఆయనకి ఫోనే తట్టింది. మళ్లీ సోమవారమే వస్తానన్నాడు.

ఈ కబురు వినగానే మా వదిన ముఖం చాటంత అయింది. మాటలు దండగనుకుందో ఏమో, వంటింటి వైపు వేలు చూపించి ఊరుకుంది.

ఆదివారం నేను పట్టుచీర కట్టాను. జుట్టు బిగించి పైకి ముడేశాను, చచ్చిన మిషనైనా సరే, చెవి వెనక కనబడాలని. అబ్బాయి, తల్లి, తండ్రి వచ్చి కూర్చోగానే ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని దండం పెట్టాను.

"నాకు సెవుడండి. మిషన్లో సెల్లు అయిపోనాది. పిల్ల తల్లిని, ప్రతీ మాటా నాకినబడాల. కాస్త గట్టిగా మాటాడండి."

మా ఆయన నేల చూపులు చూశాడు. చూడనీ. పెళ్లివారు పాపం మర్యాదస్తులు, ఎండలు బాగా ఉన్నాయని అరిచారు, కాఫీ బాగుందని అరిచారు. కాసేపటికి అబ్బాయి తండ్రి మా ఆయన వైపు వంగి ఏదో మెల్లగా అన్నాడు. మా ఆయన ముఖం మాడిపోయింది. బుర్ర గోక్కున్నాడు. పక్కన వదిన మాత్రం సరే సరే అన్నట్టు తలూపుతోంది.

"ఏటండి?" అన్నాను.

ఏం లేదని అబ్బాయి తండ్రి చెయ్యి ఊపాడు.

"ఏటీ లేకపోతే అదే గట్టిగా సెప్పండి."

వదిన నా తొడ గిల్లింది. నేను చెవి దగ్గర అరచెయ్యి ఆనించి, ఇంకా ముందుకి వంగి కూర్చున్నాను. ఆయన గొంతు సవరించుకుని ఏదో అన్నాడు. ఉద్యోగం అన్న ముక్క అందింది. అందినా అందనట్టే, "ఏటండి?" అన్నాను మళ్లీ.

"పెళ్లయ్యాక పిల్ల ఉద్యోగం మానీయాలండీ!" అని కేకేశాడు. మెడనరాలు ఉబ్బాయి. పక్కింటివాళ్లు గోడ మీంచి తలలు పెట్టి చూశారు. గుసగుసగా అన్నంతసేపూ అది పెద్దమనిషి సలహా. కేకేసేసరికి దబాయింపని ఆయనకే తెలిసిపోయింది, చటుక్కున కాఫీ గ్లాసు అందుకున్నాడు.

అంత కేక వంటింట్లోకి వినబడకుండా ఉంటుందా? మా మెతక పిల్ల గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాన్న వైపు చూసింది, మేనత్త వైపు చూసింది, నా వైపు చూసింది.

"నాను మాననండీ!"

ఆ మాట ఒక్కటీ నాకు మిషను లేకుండానే, మొదటిసారికే వినబడింది.

కబురు చేస్తామని వెళ్లారు, చెయ్యలేదు. వదిన పొద్దుపోయేదాకా నన్ను తిట్టింది. నోరు కదలడం కనబడింది గానీ ఒక్క ముక్కా వినబడలేదు. ఆ పూటకి సెల్లు లేకపోవడమే మేలయింది.

సోమవారం గుమ్మం అదిరింది. డెలివరీ ఆయన హెల్మెట్ చంకన పెట్టుకుని, నా చేతిలోని ఫోను వైపు అనుమానంగా చూశాడు. నేను చెవి చూపించాను. నాలిక కరుచుకున్నాడు. ఓటీపీ వీధంతా వినబడేలా చెప్పాను. నారింజ స్టిక్కరు పీకి, సెల్లు వేసి, మిషను తగిలించుకున్నాను. ఫ్యాను కీచుమంది. కుక్కరు కూతేసింది.

మధ్యాహ్నం డ్యూటీకి బయల్దేరుతూ అమ్మాయి నా వెనక నిలబడి, పరీక్షకి, ఎప్పటిలాగే సన్నగా అడిగింది. "ఇప్పుడు ఇనబడతందేటమ్మా?"

"ఇనబడతంది," అన్నాను. "అయినా సరే, నువ్వు గట్టిగానే సెప్పు."