పంక్తిలో పస్తున్న చెట్లు

సర్వీసు చివరి ఏడాది ఫిబ్రవరిలో నన్ను చాట్రాయి దగ్గర ఒక చిన్నరసాల మామిడి తోటలో పెప్టైడు ప్రయోగానికి వేశారు. హోదా సీనియర్ శాస్త్రవేత్త. పని, చెట్ల కింద వంగి రాలిన పిందెలు లెక్కపెట్టడం.

పెప్టైడంటే పదీ పన్నెండు పూసల దండలాంటి చిన్న ప్రోటీన్ ముక్క. మొక్కలో ఒక కణం మరో కణానికి వీటితో కబురు పంపుతుంది. "ఇక వదిలెయ్" అని తొడిమకు చెప్పే కబురు కూడా ఒకటుంది. దాన్ని అడ్డుకునే నకిలీ పెప్టైడును బఠాణీ సైజు పిందెల మీద కొడితే రాలడం తగ్గుతుందా అన్నది మా ప్రశ్న. తగ్గినట్టు తేలితేనే రెండో ఏడాదికి అనుమతి. లేకపోతే ఫైలు మూతే.

మాది కిరాణా కొట్టు ఇల్లు. పన్నెండు చెట్లు కావలసి ఇరవై నాలుగు అడిగాను. తోట రైతు కోటేశ్వరరావు గారు పదన్నారు. అరపూట బేరమాడి పన్నెండుకు ఒప్పించి మీసం దువ్వుకున్నాను. ఆయన పదిహేను దాకా ఇద్దామనుకున్నారని తరవాత తెలిసింది.

అన్నీ ఒకే వరస. ఎర్ర రిబ్బను కట్టిన ఆరు చెట్లకు మందు, తెల్ల రిబ్బను కట్టిన ఆరు చెట్లకు ఉత్త నీళ్లు. పోల్చి చూడడానికి ఉంచిన ఆ తెల్లవాటిని మేం కంట్రోల్ అంటాం. కొట్టించే బాధ్యత కూలీల పెద్ద మాణిక్యమ్మది.

మూడు వారాలు లెక్కపెట్టాం. రెండు రకాల చెట్ల కిందా రాలినవి ఇంచుమించు సమానం. "తేడా లేదు" అని నివేదిక రాస్తుంటే మాణిక్యమ్మ టీ గ్లాసు అందిస్తూ అంది:

"ఎందుకుంటదండీ తేడా? ట్యాంకులో మిగిలింది తెల్ల రిబ్బను చెట్లకీ కొట్టించాగా!"

ఎందుకని అడిగాను.

"ఒకే పంక్తిలో కూర్చోబెట్టి ఒకళ్లకి నెయ్యేసి, పక్కోళ్లకి మంచినీళ్లు పోస్తామేంటండీ?"

కోటేశ్వరరావు గారు పకపకా నవ్వారు. "బేరం నాతో ఆడారు సారూ. ఆవిడతో ఆడాల్సింది!"

పక్క తోటలో లెక్కలు తీసి కంట్రోల్‌గా చూపించే దారి ఉంది. కొట్లో పెరిగినవాణ్ణి, అలాంటి దొంగ తూకం ఎక్కడ దొరికిపోతుందో తెలుసు. "కంట్రోల్ చెట్లకూ మందు పడింది, ఫలితం చెల్లదు" అని రాసి పంపాను. అనుమతి రాలేదు. ఆ పెప్టైడు పనిచేస్తుందో లేదో నాకిప్పటికీ తెలియదు.

సామాను సర్దుకునే రోజు మాణిక్యమ్మకు చెప్పాను, నీళ్ల చెట్లు మాకు సాక్షులని, మందు సంగతి చెప్పాల్సినవి అవేనని.

"ఆ ముక్క ముందే చెప్పొద్దా అండీ? సాక్షికి ఎవరన్నా భోజనం పెడతారా!"

పన్నెండు చెట్ల కోసం అరపూట బేరమాడినవాణ్ణి, వాటిలో ఆరు ఎందుకు పస్తుండాలో మందు కొట్టించే మనిషికి చెప్పడానికి ఐదు నిమిషాలు పెట్టలేదు. ప్రయోగం పోయింది అక్కడే.